చుట్ట కాలింది, మాట మిగిలింది: సంఘం బీరువాలోని సీడీలు, డీవీడీల గురించి ఒక పాఠం



ఈ వారం వీడియోలో యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం ధ్యానించుకున్నాం. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. యెహోయాకీము ఏలుబడి నాలుగో సంవత్సరంలో, యిర్మీయా నోటితో చెబుతుంటే బారూకు సిరాతో ఒక చుట్టలో రాశాడు. మరుసటి సంవత్సరం తొమ్మిదో నెలలో రాజు చలికాలపు ఇంట్లో కూర్చుని ఉన్నాడు, ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే అతను ఆ చుట్టను చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు అయ్యేసరికి చాకుతో కోయడం, కుంపట్లో వేయడం. అలా చుట్టంతా కాలిపోయింది. ఆ తర్వాత యిర్మీయా మళ్లీ చెప్పాడు, బారూకు మళ్లీ రాశాడు. మొదటి చుట్టలో లేని మాటలు కూడా రెండోదానిలో చేరాయి.

దేవుని మాటను ఎవరూ కాల్చలేరు అని ఈ భాగం నుండి మనం తరచుగా వింటాం. అది నిజమే. కానీ ఇందులో మనం పట్టించుకోని ఒక చిన్న సంగతి ఉంది. రెండోసారి చెప్పడానికి యిర్మీయా బ్రతికి ఉన్నాడు. రెండోసారి రాయడానికి బారూకు ఓపికగా కూర్చున్నాడు.

మన సంఘాల సంగతి ఒకసారి చూడండి. క్యాసెట్ల కాలం తర్వాత, ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే అలవాటు రాకముందు, మధ్యలో చాలా ఏళ్లు మన ఉజ్జీవ సభలు, ఉపవాస కూటములు, సంఘ వార్షికోత్సవాలు సీడీలు, వీసీడీలు, డీవీడీల మీదే దాచాం. ఆ సభల్లో వాక్యం చెప్పిన దైవజనులు చాలామంది ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నారు. సాక్ష్యం చెప్పిన అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వెళ్లిపోయారు. ఆ డిస్క్ పాడైతే మళ్లీ చెప్పించుకోవడానికి మన దగ్గర యిర్మీయా లేడు. పైగా డిస్కులు పోవడానికి కుంపటి కూడా అక్కర్లేదు. బీరువాలో ఊరికే వదిలేస్తే చాలు.

అందుకే ఈ వారం పాఠం కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. విసుగనుకోకుండా చివరిదాకా చదవండి. నేను చెప్పాలనుకున్నది ఒకే ఒక్క మాట: కాపీ తీయడంతో పని అయిపోదు, సరిచూసిన తర్వాతే అది కాపీ.

మందిరంలోనే పోయింది, మందిరంలోనే దొరికింది

రెండవ రాజుల గ్రంథం 22వ అధ్యాయంలో యోషీయా రాజు మందిరాన్ని బాగుచేయిస్తున్నాడు. ఆ పనిలో ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఎక్కడ? శత్రువుల దేశంలో కాదు, యెహోవా మందిరంలోనే. దాన్ని షాఫాను అనే శాస్త్రి రాజుకు చదివి వినిపించాడు. రాజు విని తన బట్టలు చించుకున్నాడు.

ఆ యోషీయా కొడుకే యెహోయాకీము. తండ్రి వాక్యం విని బట్టలు చించుకుంటే, కొడుకు వాక్యాన్నే కోసి కాల్చాడు. ఇంకో సంగతి చూడండి. యిర్మీయా 36లో, చుట్టను కాల్చవద్దని రాజును బ్రతిమాలిన ముగ్గురిలో గెమర్యా ఒకడు. బారూకు ఆ చుట్టను ప్రజలకు చదివి వినిపించింది షాఫాను కొడుకైన గెమర్యా గదిలోనే. తండ్రి దొరికిన గ్రంథాన్ని చదివాడు, కొడుకు ఉన్న గ్రంథం కాలిపోకుండా ఆపాలని చూశాడు. వాక్యాన్ని చెప్పడం ఒక పరిచర్య అయితే, చెప్పినదాన్ని భద్రంగా చూసుకోవడం ఇంకో పరిచర్య. దానికి మైకు ఉండదు, స్టేజీ ఉండదు.

మన మందిరాల్లో కూడా పోయినవి బయట ఎక్కడో లేవు. ప్రసంగ వేదిక వెనక గదిలో, సౌండ్ బాక్సుల పక్కన, అట్టపెట్టెలో ఉన్నాయి. కొన్ని పాస్టరమ్మగారి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి. దొరికాక ఏం చేయాలో తెలియాలంటే, అసలు డిస్క్ మీద రాత ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి.

డిస్క్ మీద రాత ఎలా ఉంటుంది?

సీడీ 120 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ బిళ్ల. దాని మీద రాత మధ్యలో మొదలై బయటికి చుట్టలాగా తిరుగుతూ వెళ్తుంది. ఆ గీతను సాగదీస్తే 5 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఇదీ ఒక చుట్టే అన్నమాట.

షాపులో కొన్న పాటల సీడీ ఫ్యాక్టరీలో అచ్చువేసినది. అందులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి, దానిపైన అల్యూమినియం పూత. అది కాస్త గట్టిది. మనం కంప్యూటర్‌లో రైట్ చేసినది అలాంటిది కాదు. బ్లాంక్ డిస్క్‌లో పలుచటి రంగు పొర ఉంటుంది. లేజర్ వేడికి ఆ రంగు అక్కడక్కడా మారి మచ్చలు పడతాయి. ఆ మచ్చలే మన ప్రసంగం. డిస్క్ కింది వైపు నీలంగానో, లేత ఆకుపచ్చగానో కనిపించేది ఆ రంగు వల్లే. ఎండకు, వేడికి, తేమకు ఆ రంగు నెమ్మదిగా మారిపోతుంది. రంగు పైన ఉండే మెరుపు పొర ఎక్కువగా వెండిది. తేమ లోపలికి వెళ్తే అదీ నల్లబడుతుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఉన్న అట్టపెట్టెను, వర్షాకాలంలో చెమ్మ పట్టే గోడ పక్కనున్న బీరువాను ఒకసారి గుర్తు చేసుకోండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి ఉంది. సీడీకి కింది వైపు కంటే లేబుల్ వైపే ప్రమాదం ఎక్కువ. కింద 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డు ఉంది కాబట్టి చిన్న గీత పడితే పాలిష్ చేసి కూడా చదివించవచ్చు. పైన ఉన్నది మాత్రం పలుచటి వార్నిష్ లాంటి పూతే. బాల్‌పాయింట్ పెన్నుతో గట్టిగా తేదీ రాస్తే ఆ ఒత్తిడికి కింద ఉన్న పొర దెబ్బతింటుంది. అతికించిన కాగితం లేబుల్ పీకితే పొర కూడా దానితో లేచి వచ్చేస్తుంది. అలా పోయినది మళ్లీ రాదు. డీవీడీ కొంచెం నయం. అది 0.6 మిల్లీమీటర్ల రెండు బిళ్లలను అతికించి చేసినది, రాత మధ్యలో ఉంటుంది. అయితే ఆ అతుకు ఊడితే, అంచు దగ్గర తేమ చేరితే అదీ పోతుంది.

అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున ఫ్రెడ్ బైయర్స్ 2003లో సీడీలు, డీవీడీలు ఎలా చూసుకోవాలో ఒక మార్గదర్శిని రాశారు. అందులోని సలహాలు ఇప్పటికీ పనికొస్తాయి. డిస్కులను పుస్తకాల్లాగా నిలబెట్టి పెట్టాలి. చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్న చోట ఉంచాలి. అంచులు, మధ్య రంధ్రం పట్టుకుని తీయాలి. తుడవాల్సి వస్తే మధ్య నుంచి బయటికి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. కాగితం లేబుల్ అతికించకూడదు. రాయాలంటే నీటితో తయారైన సిరా ఉన్న మార్కర్‌తో రాయాలి.

"ప్లే అవుతోంది కదా!"

పాత డిస్కుల గురించి అడిగితే ఎక్కువగా వినబడే మాట ఇదే. "మొన్న క్రిస్మస్‌కి వేశాం అన్నా, బాగానే ప్లే అయింది." ప్లే అయినంత మాత్రాన డిస్క్ బాగుందని అర్థం కాదు. ఎందుకో చెప్తాను.

సీడీలో ప్రతి మాటతో పాటు, దాన్ని సరిదిద్దుకోవడానికి పనికొచ్చే అదనపు లెక్క కూడా రాసి ఉంటుంది. దీన్ని రీడ్-సాలమన్ పద్ధతి అంటారు. పక్కపక్కన ఉండాల్సిన ముక్కలను దూరదూరంగా చల్లి రాస్తారు కాబట్టి ఒకచోట గీత పడినా ఏ ఒక్క మాటా పూర్తిగా పోదు. సుమారు 2.5 మిల్లీమీటర్ల మేర వరుసగా చెడిపోయినా ప్లేయర్ లెక్కకట్టి తిరిగి సంపాదిస్తుంది. ఇది అద్భుతమైన ఏర్పాటు. కానీ దీనివల్లే మనం మోసపోతాం. డిస్క్ ఏటా కొంచెం కొంచెం చెడుతున్నా ప్లేయర్ సరిదిద్దుకుంటూ వెళ్తుంది, మనకు ఏ తేడా వినపడదు. తప్పులు హద్దు దాటిన రోజున మాత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. నిన్న బాగున్నది ఇవాళ పోయినట్టు అనిపిస్తుంది. నిజానికి అది ఎన్నో ఏళ్లుగా పోతూ వచ్చింది.

ఆడియో సీడీ ఇంకో పని కూడా చేస్తుంది. సరిదిద్దలేని చోట అటూ ఇటూ ఉన్న శబ్దాన్ని బట్టి మధ్యది ఊహించి నింపేస్తుంది. వినడానికి ఫర్వాలేదు, కానీ అది అసలు రికార్డింగు కాదు. డేటా సీడీకి రెండో వరుస రక్షణ కూడా ఉంటుంది. ఆడియో సీడీకి, వీసీడీలోని వీడియోకి ఆ రెండో వరుస ఉండదు. కాబట్టి బీరువాలో అన్ని రకాలూ ఉంటే ముందు ఆడియో సీడీలు, వీసీడీల పని చూడండి.

ఆలస్యం చేయకూడదని చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మంచి బ్లాంక్ డిస్కులకు పేరుపొందిన తైయో యూడెన్ 2015లో ఆ వ్యాపారం మానేసింది. సోనీ 2025 ఫిబ్రవరిలో రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీ ఆపేసింది. కొత్త లాప్‌టాప్‌లలో డ్రైవే రావడం లేదు. డిస్క్ బాగున్నా చదివే యంత్రం దొరకని రోజు వస్తుంది.

అక్షరాలు లెక్కపెట్టినవాళ్లు

మన చేతుల్లో ఉన్న పాత నిబంధన ఇంత భద్రంగా ఎలా వచ్చింది? గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో మసోరెట్లు అనే యూదు పండితులు ఉండేవారు. క్రీస్తు శకం 7 నుంచి 10వ శతాబ్దం వరకు వాళ్లు హెబ్రీ లేఖనాలను తరతరాలుగా నకలు రాస్తూ వచ్చారు. రాసి వదిలేయలేదు. ఒక పుస్తకంలో వచనాలు ఎన్ని, దాని సరిగ్గా మధ్య భాగం ఎక్కడ, ఫలానా అరుదైన పదం ఎన్నిసార్లు వస్తుంది, ఇలాంటి లెక్కలన్నీ అంచుల్లో, పుస్తకం చివర రాసి పెట్టారు. తర్వాత నకలు రాసినవాడు తన లెక్క ఆ లెక్కతో సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఆ సంప్రదాయంలో 1008 ప్రాంతంలో రాసిన ప్రతి ఒకటి ఇప్పటికీ ఉంది. నేటి హెబ్రీ బైబిలు ముద్రణలకు అదే ఆధారం.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఇదే ఆలోచనను చెక్‌సమ్ అంటాం. ఒక ఫైల్‌లోని ప్రతి బిట్‌నూ లెక్కలోకి తీసుకుని షా-256 అనే పద్ధతి 64 అక్షరాల గుర్తు ఒకటి ఇస్తుంది. రెండు గంటల ప్రసంగంలో ఒక్క బిట్ మారినా ఆ గుర్తు పూర్తిగా మారిపోతుంది. కాపీ తీసిన ఫైల్‌కీ, అసలు ఫైల్‌కీ గుర్తు ఒకటే అయితే కాపీ సరైనదే. ఉచితంగా దొరికే సెవెన్‌జిప్ వేసుకుంటే, విండోస్‌లో ఫైల్ మీద రైట్‌క్లిక్ చేసి ఈ గుర్తు చూడవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ గుర్తు రెండు ఫైళ్లు ఒకటేనని చెప్తుంది గానీ, డిస్క్ నుంచి మొదటిసారి చదివినది సరిగ్గా చదివామా అని చెప్పదు. తప్పుగా చదివినదాన్ని పది కాపీలు తీస్తే పదింటికీ ఒకే గుర్తు వస్తుంది. కాబట్టి డిస్క్‌ను రెండుసార్లు చదివి, రెండింటి గుర్తూ పోల్చండి. ఆ పైన మొదలు, మధ్య, చివర మీ చెవులతో వినండి.

పని ఇలా మొదలుపెట్టండి

యవనస్థుల్లో ఇద్దరు ముగ్గురు శనివారం సాయంత్రాలు కూర్చుంటే చాలు. వరుస ఇది.

1. ముందు జాబితా రాయండి. ప్రతి డిస్క్‌కు ఒక నంబరు ఇవ్వండి. ఏ సభ, ఏ సంవత్సరం, ఎవరు మాట్లాడారు, డిస్క్ రకం ఏమిటి. లేబుల్ లేకపోతే పెద్దవాళ్లను అడగండి. గొంతు విని పోల్చగలిగినవాళ్లు ఇంకా మన మధ్యలో ఉన్నారు. డిస్క్ కంటే ముందు ఆ జ్ఞాపకం పోయే ప్రమాదం ఉంది.

2. ఒక్కటే ఉన్నవాటిని వేరు చేయండి. ఇంకెక్కడా కాపీ లేని డిస్కులే ముందు. మార్కెట్లో దొరికే పాటల సీడీలు చివర.

3. ఆడియో సీడీ అయితే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. దాని సెక్యూర్ మోడ్ ప్రతి భాగాన్నీ కనీసం రెండుసార్లు చదివి పోల్చుతుంది. మూలప్రతిని ఎంపీ3లో కాకుండా ఫ్లాక్ రూపంలో దాచండి. పంచడానికి తర్వాత ఎంపీ3 చేసుకోవచ్చు.

4. డీవీడీ అయితే ఇమ్‌జ్‌బర్న్‌తో మొత్తం డిస్క్‌ను ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా తీయండి. వీసీడీ అయితే అదే సాఫ్ట్‌వేర్ బిన్, క్యూ అనే రెండు ఫైళ్లు ఇస్తుంది. రెండూ కలిపి దాచాలి.

5. డీవీడీ గానీ, డేటా సీడీ గానీ మధ్యలో ఆగిపోతే మళ్లీ మళ్లీ పెట్టి డ్రైవ్‌ను కష్టపెట్టకండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. అది బాగున్న భాగాలను ముందు చదివేసి, చదవలేని చోట్లు ఒక ఫైల్‌లో గుర్తు పెట్టుకుంటుంది. అదే డిస్క్‌ను ఇంకో డ్రైవ్‌లో పెడితే మిగిలినవి మాత్రమే ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం మామూలే.

6. కెమెరాలోనో, టీవీ పక్కన పెట్టే డీవీడీ రికార్డర్‌లోనో రికార్డు చేసిన డిస్క్ కంప్యూటర్‌లో ఖాళీగా కనిపిస్తే పారేయకండి. అప్పట్లో ఫైనలైజ్ చేయకపోయి ఉండవచ్చు. అదే యంత్రం ఇంకా పనిచేస్తుంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేయండి. లేకపోతే ఐసోబస్టర్‌తో ప్రయత్నించండి.

7. మూడు కాపీలు ఉంచండి. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో రెండు, క్లౌడ్‌లో ఒకటి. హార్డ్‌డిస్కుల్లో ఒకటి మందిరంలో కాకుండా ఇంకో ఇంట్లో ఉండాలి. డీవీడీకి 4.7 జీబీ చొప్పున 100 డీవీడీలు నిండా ఉన్నా 470 జీబీయే. 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో హాయిగా సరిపోతాయి.

8. ప్రతి ఫైల్ గుర్తునూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పక్కనే పెట్టండి. ఏడాదికి ఒకసారి, నూతన సంవత్సర ఆరాధన తర్వాత అనుకోండి, మళ్లీ సరిచూడండి.

యూట్యూబ్‌లో పెట్టాం కదా అంటారేమో. అది అందరికీ వినిపించడానికి మంచిది, మా చానల్ నడిచేదీ దానిమీదే. కానీ యూట్యూబ్ మన వీడియోను మళ్లీ కుదించి తన పద్ధతిలో దాచుకుంటుంది. పాస్‌వర్డ్ తెలిసిన తమ్ముడు ఊరు మారితే ఆ అకౌంట్ కూడా పోవచ్చు. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు కూడా పంచడానికే గానీ ఏళ్ల తరబడి దాచడానికి కాదు. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే అందులోని రాత కూడా బలహీనపడుతుంది.

అంతా అయ్యాక పాత డిస్కులను పారేయకండి. రేపు ఏదైనా కాపీలో తేడా కనిపిస్తే తిరిగి చూసుకోవడానికి అవే ఆధారం.

ఇప్పటికీ డిస్కులు పంచే సంఘాలకు

డిస్కుల కాలం అయిపోయింది అని నవ్వేవాళ్లు ఉంటారు. కానీ ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఉండి, స్మార్ట్‌ఫోన్ వాడటం రాని అవ్వలు, తాతలు మన సంఘాల్లో ఉన్నారు. చదవడం రానివాళ్లకు వినిపించడం అనే పరిచర్య కొత్తదేమీ కాదు. హోండురాస్‌లో మిషనరీగా పనిచేసి, మలేరియాతో బలహీనపడి తిరిగొచ్చిన జాయ్ రిడర్‌హాఫ్, 1939లో లాస్ ఏంజెలెస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ మొదలుపెట్టారు. తాను వెళ్లలేని చోటికి గ్రామఫోన్ రికార్డు వెళ్తుందన్నదే ఆమె ఆలోచన. కరెంటు లేని ఊళ్ల కోసం చేత్తో తిప్పే అట్ట ప్లేయర్లు కూడా ఆ సంస్థ తయారుచేసింది. ఎవరి చేతిలో ఏ యంత్రం ఉందో దాన్నిబట్టి వాక్యం పంపాలి, అంతే.

డిస్కులు కొట్టించాలంటే ఇవి గుర్తుంచుకోండి.

ముందు వినేవాళ్ల దగ్గర ఏ ప్లేయర్ ఉందో కనుక్కోండి. ఆడియో సీడీలో 80 నిమిషాలే పడుతుంది, కానీ ఏ పాత సీడీ ప్లేయర్‌లోనైనా పాడుతుంది. 64 కేబీపీఎస్ ఎంపీ3గా చేస్తే 700 ఎంబీ సీడీలో 45 నిమిషాల ప్రసంగాలు 30 దాకా పడతాయి. అయితే ఎంపీ3 చదివే ప్లేయర్ ఉండాలి. వీడియో అయితే ఎంపీ4 ఫైల్‌ను అలాగే డిస్క్‌లో వేయకండి. డీవీడీ వీడియో పద్ధతిలో చేయించండి, లేదంటే చాలా పాత ప్లేయర్లలో ఆడదు.

కొద్ది పదుల కాపీలకు కంప్యూటర్ చాలు. వంద దాటితే డూప్లికేటర్ టవర్ ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది. ఏడు రైటర్ల టవర్ అనుకుందాం. 100 డీవీడీలకు 15 విడతలు పడుతుంది. 8ఎక్స్ వేగంతో విడతకు సుమారు 10 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. సరిచూడటం కూడా పెడితే సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు. "వెరిఫై ఎందుకండీ, టైమ్ వేస్ట్" అంటే ఒప్పుకోకండి. మారుమూల ఊరికి వెళ్లిన డిస్క్ ఆడకపోతే, ఆ తల్లి మళ్లీ మన దగ్గరికి వచ్చి మార్చుకోదు. పక్కన పెట్టేస్తుంది, అంతే. వేల కాపీలు కావాలంటే ఫ్యాక్టరీలో అచ్చు వేయించడమే మేలు. గాజు మాస్టర్ నుంచి అచ్చు చేసి ప్లాస్టిక్‌లోనే గుంటలు పోస్తారు కాబట్టి అవి ఎక్కువకాలం ఉంటాయి.

మాస్టర్ డిస్క్‌ను డిస్క్‌గా కాకుండా సరిచూసిన ఐఎస్ఓ ఫైల్‌గా దాచండి. కాపీ నుంచి కాపీ, దాని నుంచి మళ్లీ కాపీ తీసుకుంటూ పోవద్దు. ప్రతిసారీ మూలప్రతి నుంచే తీయండి.

అనుమతి కూడా సేవలో భాగమే

ఆరాధనలో పాట పాడటం వేరు, ఆ పాట ఉన్న డిస్క్ వెయ్యి కాపీలు తీసి పంచడం వేరు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం మతపరమైన ఆరాధనలో పాడుకోవడానికి వెసులుబాటు ఇస్తుంది, కాపీలు తీసి పంచడం దాని కిందికి రాదు. పాట రాసినవాళ్లకు, స్వరం కట్టినవాళ్లకు, రికార్డింగు చేయించినవాళ్లకు వేర్వేరుగా హక్కులు ఉంటాయి. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఉచితంగానే ఇస్తున్నాం కదా అంటే సరిపోదు. ఒక ఉత్తరం రాసి అడగండి. ఇచ్చిన అనుమతిని కూడా జాబితాతో పాటు దాచండి.

సాక్ష్యాల విషయంలో ఇంకా జాగ్రత్త. ఒక సహోదరి పదిహేనేళ్ల క్రితం యాభైమంది ముందు కన్నీళ్లతో చెప్పిన ఇంటి సంగతి, ఈరోజు ఇంటర్నెట్‌లో పెడితే ఆమె పిల్లలు చూస్తారు. దాచడానికి దాచండి. బయటపెట్టే ముందు ఆమెను గానీ, ఆమె లేకపోతే కుటుంబాన్ని గానీ అడగండి.

ఆలోచించుకోవడానికి

బారూకు రెండోసారి రాసినప్పుడు అతని మనసులో ఏముందో బైబిలు చెప్పలేదు. అంత కష్టపడి రాసినది బూడిదైపోయింది. రాజు వెతికి పట్టుకోమన్నాడు. అయినా మళ్లీ కూర్చుని మొదటి మాట నుంచి రాశాడు. అతను ప్రవచించలేదు. విన్నది విన్నట్టు రాశాడు. ఆ నమ్మకత్వం వల్ల ఇవాళ మనం ఆ అధ్యాయం చదువుతున్నాం.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో, యవనస్థుల కూటంలో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడుకోండి.

మన సంఘంలో ఒకే ఒక్క డిస్క్‌లో మిగిలిన గొంతు ఎవరిది?

ఆ గొంతును గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఎవరు, వాళ్లను ఈ నెలలో ఎవరు కలుస్తారు?

వాక్యం చెప్పేవాళ్ల కోసం ప్రార్థించినట్టు, దాన్ని భద్రంగా చూసుకునేవాళ్ల కోసం మనం ఎప్పుడైనా ప్రార్థించామా?

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారిని అడిగి ఆ బీరువా తాళం తీయించండి. మొదటి రోజు కాపీ తీయకపోయినా ఫర్వాలేదు, జాబితా రాస్తే చాలు.

ప్రార్థన చేద్దాం. ప్రేమగల తండ్రీ, మా పెద్దల నోట నీవు పలికించిన మాటల కోసం వందనాలు. మేము అశ్రద్ధగా వదిలేసినవాటిని వెతికే మనసు మాకు ఇవ్వండి. ఎవరూ చూడని చోట నమ్మకంగా పనిచేసే యవనస్థులను మా సంఘాల్లో లేపండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.